ప్రింటు మ్యాప్ పట్టుకుని సరస్సులో తిరిగేవాళ్లు ఉన్నారా? ఏది కొనాలి, ఎలా చదవాలి?

కొత్త_తెడ్డు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ కయాక్‌ని ఒడ్డు కనిపించేంత దూరంలోనే నడిపాను. ఇప్పుడు దీవులూ పాయలూ ఉన్న పెద్ద సరస్సులో, అవతలి ఒడ్డుదాకా వెళ్లి రావాలని ఉంది. ఫోన్‌లో యాప్ ఉంది కానీ ఎండలో తెర కనబడదు, తడి వేలితో నొక్కితే ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట తెరుచుకుంటోంది. అందుకని కాగితం మ్యాప్ కొందామనుకున్నాను. రెండు రకాలు కనిపించాయి. ఒకదాంట్లో సరస్సు మధ్యలో ముదురు నీలం, అంచుల్లో లేత నీలం. రెండోది ఓడలవాళ్ల చార్టులా ఉంది, మధ్యలో అంతా తెలుపు, నిండా అంకెలు. ఏది తీసుకోవాలి? దిక్సూచి కూడా కావాలా?

లోతుగీత:
మంచి ప్రశ్న అడిగారు. ఏది కొన్నా ముందు సరస్సుని చూడకండి, మ్యాప్ మూలన ఉన్న పెట్టె చదవండి. లోతు ఏ కొలతలో ఇచ్చారు, ఏ నీటిమట్టం నుంచి కొలిచారు, స్కేలు ఎంత, సర్వే ఏ సంవత్సరంలో చేశారు. ఈ నాలుగూ తెలియకుండా లోపలి అంకెలకు అర్థం లేదు. "3" అని ఉంటే అది 3 మీటర్లా, 3 అడుగులా, 3 ఫాదమ్‌లా? ఫాదమ్ అంటే 6 అడుగులు, సుమారు 1.83 మీటర్లు. ఒకే అంకె మీ పడవని తేలిగ్గా దాటించగలదు, రాళ్ల మీద కూర్చోబెట్టనూ గలదు.

ఇక రంగుల సంగతి. మీరు చూసిన రెండిట్లో నీలానికి అర్థాలు తలకిందులు. చేపలు పట్టేవాళ్ల కోసం వేసే మ్యాపుల్లో ముదురు నీలం అంటే లోతు ఎక్కువ. నౌకాయాన చార్టులో నీలం అంటే జాగ్రత్త, లోతు తక్కువ అని. నిశ్చింతగా వెళ్లగలిగే లోతు నీళ్లు అక్కడ తెల్లగా ఉంటాయి. ఒకదానికి కన్ను అలవాటుపడి రెండోది చేతిలోకి తీసుకుంటే, నీటి అడుగున మెట్ట ఉన్నచోటు ఇంపైన నీలంగా కనిపించి పిలుస్తుంది. ఒక పడవలో ఎప్పుడూ ఒకే రకం మ్యాప్ ఉంచమని అందరికీ చెబుతుంటాను.

కయాక్‌కైతే ఒడ్డు మీది కొండలు, గోపురాలు, టవర్లు, రేవులు చక్కగా చూపించే మ్యాప్ ఏదైతే అది తీసుకోండి. మీకు లోతు కన్నా గుర్తులు ముఖ్యం.

గాలివాటు:
నాది వేరే అభిప్రాయం, ఏమీ అనుకోకండి. నీళ్లు చొరబడని సంచీలో ఫోన్, ఒక పవర్ బ్యాంకు, ముందే డౌన్‌లోడ్ చేసిన మ్యాప్ ఉంటే చాలదా? నేనెక్కడున్నానో చుక్క పెట్టి చూపిస్తుంది. కాగితం ఆ పని చెయ్యదు కదా. గాలి లేచినప్పుడు రెండు చేతులూ తెడ్డు మీద ఉండాలి, మ్యాప్ మడతలు విప్పుకుంటూ కూర్చోలేం.

ఉత్తరపుముల్లు:
గాలివాటు గారూ, చుక్క నిజమే. చుట్టూ ఏముందో చూపించడం దగ్గరే చిక్కు. తెర చిన్నది. మొత్తం సరస్సు కనిపించేలా పెడితే చిన్న దిబ్బలు మాయమైపోతాయి, దిబ్బలు కనిపించేలా పెడితే దారి మాయమైపోతుంది. సముద్రం కథే అయినా ఒకటి చెబుతాను. 2014 నవంబరు 29న, వోల్వో ఓషన్ రేస్‌లో పోటీపడుతున్న వెస్టాస్ విండ్ పడవ మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కరజోస్ దిబ్బలను గుద్దుకుంది. పేరున్న నావికులు, మంచి పరికరాలు. ఎలక్ట్రానిక్ చార్టుని తగినంత దగ్గరగా జూమ్ చెయ్యకపోవడంతో ఆ దిబ్బలు ఉన్న తీరులో వాళ్ల కంటపడలేదు. అదృష్టంకొద్దీ అందరూ బతికారు.

పెద్ద కాగితం బల్లమీద పరిస్తే వివరమూ దారీ ఒకేసారి కనిపిస్తాయి. ప్రయాణానికి ముందురోజు రాత్రి పనికొచ్చేది అదే.

గాలివాటు:
ఆ సంఘటన నేనూ చదివాను. తప్పు తెరది కాదు, చూడాల్సినట్టు చూడకపోవడం. కాగితాన్నీ చూడకుండా పక్కన పెట్టొచ్చు. ఇంకో మాట. అమెరికాలో చార్టులు తయారుచేసే నోవా సంస్థే పాత పద్ధతి కాగితం చార్టులకు స్వస్తి చెప్పింది. 2019లో ప్రకటించారు, 2021లో మొదలుపెట్టి 2024 చివరికల్లా పూర్తిచేశారు. మొట్టమొదట తీసేసింది ఒక సరస్సు చార్టే, లేక్ టాహో, 18665 నంబరుది. ప్రభుత్వాలే వదిలేస్తుంటే మనం దాన్ని పట్టుకు వేలాడటం ఎందుకు?

లోతుగీత:
> ప్రభుత్వాలే వదిలేస్తుంటే

వదిలేసింది పాత చార్టుని మాత్రమే. అదే సంస్థ ఆన్‌లైన్‌లో ఇంకో సౌకర్యం పెట్టింది. కావలసిన ప్రాంతం, స్కేలు, కాగితం సైజు మనమే ఎంచుకుంటే ఎలక్ట్రానిక్ చార్టులోని తాజా సమాచారంతో పీడీఎఫ్ తయారై వస్తుంది, ప్రింటు తీసుకోవడమే. కాగితం పోలేదు, అచ్చువేసే బాధ్యత మన మీదికి వచ్చింది.

ఆ బాధ్యత దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ప్రింటు ఇచ్చేటప్పుడు "పేజీకి సరిపోయేలా" అన్న గుర్తు దానంతట అదే పడి ఉంటుంది. అలాగే వదిలేస్తే బొమ్మ కొంచెం కుంచించుకుపోతుంది. 1:50,000 మ్యాప్‌లో ఒక సెంటీమీటరు అంటే 500 మీటర్లు. అది 94 శాతానికి తగ్గి అచ్చయితే సెంటీమీటరుకి 532 మీటర్లు. మ్యాప్ మీద 1:50,000 అన్న అక్షరాలు మాత్రం మారవు, అబద్ధం చెబుతూనే ఉంటాయి. మారేది కింద గీసిన స్కేలు పట్టీ. బొమ్మతోపాటే అదీ కుంచించుకుపోతుంది కాబట్టి నిజం చెప్పేది అదొక్కటే. ప్రింటు చేతికి రాగానే ఆ పట్టీ మీద రూళ్లకర్ర పెట్టి కొలవండి. ఆ పట్టీని కత్తిరించేసి సరస్సు బొమ్మ మాత్రమే పట్టుకెళ్లేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

ఇంక్‌జెట్ సిరా నీళ్లు తగిలితే కారిపోతుంది. లేజర్ ప్రింటు తీయించుకోండి.

జలాశయం_సీత:
సహజ సరస్సుల గురించే మాట్లాడుతున్నారు. నేను తిరిగేది ఆనకట్ట వెనక జలాశయంలో. అక్కడ అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఈరోజు నీటిమట్టం ఎంత అన్నదే. మ్యాప్ గీసేది సాధారణంగా నిండుమట్టానికి. ఏడాదిలో చాలా నెలలు నీళ్లు అంతకన్నా కిందే ఉంటాయి.

లెక్క సులువే. మ్యాప్‌లోని లోతులోంచి నిండుమట్టానికీ నేటి మట్టానికీ ఉన్న తేడా తీసెయ్యాలి. మ్యాప్ 150 మీటర్ల మట్టానికి గీశారనుకోండి, ఈరోజు 147.5 ఉందనుకోండి. మ్యాప్‌లో 4 మీటర్లు అని ఉన్నచోట నిజంగా ఉన్నది మీటరున్నర. 2 మీటర్లు అని ఉన్నచోట నీళ్లే లేవు, నేల. ఎక్కువసార్లు ఆనకట్ట నిర్వాహకులే రోజువారీ మట్టం ప్రకటిస్తారు. బయలుదేరే ముందు ఆ అంకె చూసి మ్యాప్ అంచున పెన్సిల్‌తో రాసుకుంటాను.

తేడా ఎంత ఉండొచ్చో తెలియాలంటే అమెరికాలోని లేక్ పావెల్‌ని చూడండి. నిండుమట్టం సముద్రమట్టం నుంచి 3,700 అడుగులు. 2023 ఏప్రిల్‌లో సుమారు 3,520కి దిగింది. 180 అడుగులు! పడవలు దింపే వాలురేవులు కూడా నీటికి అందకుండా పోయాయి. నిండుమట్టానికి గీసిన మ్యాప్‌లో ఆ సరస్సు ఆకారమే వేరు.

జలాశయాల అడుగున పాత రోడ్లు, వంతెనలు, గోడలు, నరకని చెట్లు ఉంటాయి. నిలబడి ఉన్న చెట్టు మ్యాప్‌లోని లోతు గీతల్లో, అంటే ఒకే లోతున్న చోట్లని కలుపుతూ గీసిన గీతల్లో, కనబడదు. గీత చెప్పేది నేల లోతు, కొమ్మ లోతు కాదు.

కొత్త_తెడ్డు:
సీత గారూ, చాలా థాంక్స్. నేను వెళ్లాలనుకున్నదీ ఆనకట్ట కట్టాక ఏర్పడిన సరస్సే. మ్యాప్ మూలన "పూర్తి మట్టం" అని అంకె ఉంది, ఇప్పటిదాకా అదేంటో పట్టించుకోలేదు. మరి నీళ్లు తగ్గినప్పుడు మ్యాప్‌లో ఉన్న దీవిని గుర్తుపట్టడం ఎలా? ఆకారాలన్నీ మారిపోతాయి కదా.

జలాశయం_సీత:
మారతాయి. దీవి ఒడ్డుకి అతుక్కుపోతుంది, మ్యాప్‌లో లేని దీవి పైకి లేస్తుంది, వెడల్పాటి పాయ సన్నటి కాలువవుతుంది. దీనికి నేను చేసే పని చెబుతాను, మీరూ చేసి చూడండి.

నేటి మట్టం నిండుమట్టానికి 3 మీటర్లు తక్కువనుకోండి. మ్యాప్‌లో 3 మీటర్ల లోతు గీత ఎక్కడుందో చూడండి. ఈరోజు మీ ఒడ్డు అదే. ఎర్ర పెన్సిల్ తీసుకుని ఆ గీత వెంబడే సరస్సు చుట్టూ నెమ్మదిగా దిద్దండి, దీవుల చుట్టూ కూడా. గీతకీ పాత ఒడ్డుకీ మధ్య ఉన్నదాన్ని పలచగా రుద్దండి. కళ్లముందే కొత్త సరస్సు బయటపడుతుంది. ఏ దీవి ఒడ్డుకి కలిసిందో, ఏ పాయ మూసుకుపోయిందో, ఎక్కడ రెండు దిబ్బల మధ్య ఇరుకు దారి మిగిలిందో అన్నీ. సరిగ్గా 3 మీటర్ల గీత లేకపోతే 2, 4 గీతల మధ్య అందాజుగా వెళ్లండి. గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట నేల ఏటవాలు, అక్కడ మీ అందాజు తప్పినా పెద్ద తేడా రాదు. గీతలు దూరదూరంగా ఉన్నచోట నేల పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. అక్కడ అరమీటరు మట్టం తగ్గినా ఒడ్డు వందల మీటర్లు వెనక్కి జరగొచ్చు, కాలు పెడితే మోకాలిదాకా బురద.

కాగితాన్ని నేను ఇంతగా ఇష్టపడేది ఇందుకే. గీసుకోవచ్చు, రుద్దుకోవచ్చు.

గాలివాటు:
ఇది బాగుంది. నా యాప్‌లో అయితే ఇలా దిద్దుకునే వీలు లేదు, ఒప్పుకుంటున్నాను.

తెరచాప:
పెద్ద సరస్సుల్లో తెరచాప పడవ నడిపేవాణ్ణి. గాలి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

మ్యాప్ చేతిలో ఉంటే వాతావరణ సూచనకి అర్థం వస్తుంది. పడమటి గాలి అన్నారనుకోండి, మీరున్నచోటు నుంచి పడమరకి స్కేలు పెట్టి కొలవండి. అడ్డులేని నీళ్లు ఎంత దూరం ఉంటే అల అంత పెరుగుతుంది. అదే గాలికి దీవి చాటున అద్దంలా ఉంటుంది, దీవి దాటిన మరుక్షణం ఎగిరెగిరి పడుతుంది. వెళ్లే దారిలో గాలి చాటున్న చోట్లు, తలదాచుకోగల పాయలు మ్యాప్ మీద ముందే చుట్టి పెట్టుకోండి.

సహజ సరస్సుల్లో మట్టం మారదనుకోవడమూ పొరపాటే. ఉత్తర అమెరికా మహా సరస్సుల చార్టుల్లో లోతుని "లో వాటర్ డేటమ్" అనే తక్కువ మట్టం నుంచి ఇస్తారు. సుపీరియర్ సరస్సుకి అది సముద్రమట్టం నుంచి 183.2 మీటర్లు, ఈరీకి 173.5. మామూలు రోజుల్లో నీళ్లు అంతకన్నా పైనే ఉంటాయి కాబట్టి చార్టులో రాసినదానికన్నా కాస్త ఎక్కువ లోతే దొరుకుతుంది. కానీ ఈరీ సరస్సు సగటు లోతు 19 మీటర్లే, పైగా నైరుతి నుంచి ఈశాన్యానికి పొడవుగా చాచుకుని ఉంటుంది. ఆ పొడవు వెంట నైరుతి నుంచి గట్టి గాలి వీస్తే నీళ్లన్నీ ఈశాన్య కొసనున్న బఫలో వైపుకి నెట్టుకుపోతాయి, నైరుతి కొసనున్న టొలీడో వైపు ఖాళీ అవుతుంది. కొన్ని గంటల్లో రెండు చివర్ల మధ్య రెండు మీటర్లకు పైగా తేడా వస్తుంది. గాలి తగ్గాక ఆ నీళ్లు వెనక్కి ఊగుతాయి. చార్టులో ఉన్న లోతు ఆ పూట అక్కడ ఉండదు.

ఉత్తరపుముల్లు:
దిక్సూచి కావాలా అని అడిగారు. కావాలి. దానికన్నా ముందు, ఏ పరికరమూ అక్కర్లేని ఒక పద్ధతి నేర్చుకోండి.

మ్యాప్ మీద దూరంగా ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు స్థిరమైన గుర్తులు వెతకండి. ముందు దీవి కొస, వెనక కొండ శిఖరం అనుకుందాం. రెండిటినీ కలుపుతూ గీత గీసి మీ వైపుకి పొడిగించండి. నీళ్లలో ఉన్నప్పుడు ఆ కొస, ఆ శిఖరం ఒకే వరుసలో కనిపించాయంటే మీరు కచ్చితంగా ఆ గీత మీదే ఉన్నారు. అటువంటిదే ఇంకో వరుస పక్క దిక్కున దొరికితే రెండు గీతలు కలిసేచోటే మీరు. దిక్సూచితో వచ్చేదానికన్నా ఇదే కచ్చితం.

పక్కగాలిలో ఇది మరీ పనికొస్తుంది. ఆ వరుస మీదే వెళ్తున్నారు, దగ్గరి గుర్తు శిఖరానికి ఎడమగా జరిగిందంటే గాలి మిమ్మల్ని కుడికి తోసేసింది. దగ్గరి గుర్తు ఎటు జరిగితే అటే తిప్పండి, మళ్లీ వరుస కలుస్తుంది. పడవ ముక్కు ఎటు చూస్తోందన్నది వదిలెయ్యండి, గాలిలో ముక్కు ఒకవైపు, ప్రయాణం ఒకవైపు.

దిక్సూచి దగ్గర రెండు జాగ్రత్తలు. మ్యాప్‌లో ఉత్తరం వేరు, అయస్కాంత ఉత్తరం వేరు. ఆ తేడా ఊరు ఊరికీ మారుతుంది, ఏటేటా కూడా కొద్దికొద్దిగా జరుగుతుంది. పాత మ్యాప్‌లో రాసి ఉన్న తేడా ఇప్పటిది కాదు. ఒక డిగ్రీ తప్పితే కిలోమీటరుకి సుమారు 17 మీటర్లు పక్కకి పోతారు. పది డిగ్రీలు తప్పి 10 కిలోమీటర్లు వెళ్తే దాదాపు 1.7 కిలోమీటర్లు పక్కన తేలతారు. రెండోది, దిక్సూచి పక్కన ఫోన్, స్పీకరు, కత్తి పెట్టకండి. ముల్లు వాటి మాట వింటుంది.

మంచు కమ్మినప్పుడు నదీముఖానికో రేవుకో సూటిగా గురిపెట్టకండి. ఒడ్డు తగిలాక అది కుడివైపు ఉందో ఎడమవైపు ఉందో తెలియదు. కావాలనే ఎడమకి గురిపెట్టండి. ఒడ్డు తగలగానే కుడికి తిరిగితే సరి.

గాలివాటు:
అయితే రెండూ కలిపి వాడటం గురించి ఒక సందేహం. ఫోన్ చూపించే అక్షాంశం, రేఖాంశం కాగితం మీద గుర్తుపెట్టుకుంటే సరిపోతుందా? నేను అలా చేస్తే నీళ్ల మధ్యలో ఉన్నవాణ్ణి మ్యాప్ మీద ఒడ్డెక్కేశాను.

లోతుగీత:
పాత మ్యాపయి ఉంటుంది, గాలివాటు గారూ. మూల పెట్టెలో డేటమ్ అని ఉంటుంది, చూడండి. అక్షాంశ రేఖాంశాలని ఏ ఆధారం నుంచి లెక్కించారో చెప్పేది అదే. ఫోన్ ఇచ్చేది డబ్ల్యూజీఎస్ 84 ప్రకారం. ఉదాహరణకి అమెరికా పాత మ్యాపులు నాడ్ 27 ప్రకారం ఉంటాయి. అదే అంకెని దాని మీద పెడితే అక్కడి ప్రధాన భూభాగంలోనే 10 నుంచి 100 మీటర్లదాకా పక్కకి జరుగుతుంది. ఇరుకు పాయలో 100 మీటర్లంటే అవతలి గట్టే. చేతి జీపీఎస్‌ల సెట్టింగుల్లో డేటమ్ మార్చుకోవచ్చు. మ్యాప్‌లో ఏది ఉంటే అది పెట్టుకోండి.

డేటమ్ సరిపోయినా ఇంకోటి ఉంది, సర్వే వయసు. స్కాట్లండ్ సరస్సులనే తీసుకోండి. సర్ జాన్ ముర్రే, లారెన్స్ పుల్లర్ నాయకత్వంలో 1897 నుంచి 1909 దాకా 562 సరస్సులు కొలిచారు. పడవలో వెళ్తూ తీగకి బరువు కట్టి వదలడం, తగిలిన లోతు రాసుకోవడం, అలా 60,000కు పైగా కొలతలు. లాక్ మోరార్ అనే సరస్సు లోతు 1,017 అడుగులని తేల్చింది వాళ్లే. ఆ తీగ యంత్రాన్ని రూపొందించిన ఫ్రెడరిక్ పుల్లర్ 1901లో మంచు విరిగి నీళ్లలో పడినవాళ్లని కాపాడబోయి తనే మునిగిపోయాడు. ఆ పటాలు చూస్తే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. అయినా కొలత పడింది తీగ తగిలినచోటే. రెండు కొలతల మధ్య ఉన్నది గీత గీసినవాడి ఊహే. ఆ మధ్యలో గుండు రాయి ఉంటే గీతకి తెలియదు.

పెద్ద ఓడలు తిరిగేచోట కూడా ఇంతే. 1975 నవంబరు 10న సుపీరియర్ సరస్సులో ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ ఓడ 29 మందితో మునిగింది. ఎందుకు మునిగిందన్నదాని మీద ఈనాటికీ వాదనలున్నాయి. కానీ మరుసటేడు కెనడా జలపటాల సంస్థ కరిబూ దీవి దగ్గర మళ్లీ కొలిస్తే, అక్కడి మెట్ట చార్టులో చూపినదానికన్నా దాదాపు ఒక మైలు తూర్పుదాకా సాగి ఉందని తేలింది.

గాలివాటు:
మూల పెట్టె చూశాను. నాడ్ 27. ధన్యవాదాలండీ.

కొత్త_తెడ్డు:
ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. నాకు ఇంక మిగిలింది చిన్న ప్రశ్నే. కయాక్ మీద మ్యాప్ ఎక్కడ పెట్టుకోవాలి? లామినేషన్ చేయించాలా?

ఉత్తరపుముల్లు:
కూర్చున్నచోటికి ఎదురుగా, పైభాగం మీద సాగే తాళ్లు ఉంటాయి కదా, వాటి కింద పెట్టండి. మ్యాప్ సంచీకి దారం కట్టి పడవకి ముడివెయ్యండి, తాళ్లని నమ్మొద్దు, ఒక్క అల చాలు. మీరు వెళ్లే భాగం పైకి వచ్చేలా మడవండి. వెళ్లే దిక్కు పైకి ఉండేలా మ్యాప్‌ని తిప్పి పెట్టండి. అక్షరాలు తలకిందులైనా ఫర్వాలేదు, కుడివైపు దీవి మ్యాప్‌లో కూడా కుడివైపే ఉంటుంది.

లామినేషన్ చేస్తే ఎండలో మెరుస్తుంది, మడతపెడితే మడత దగ్గర చీలి నీళ్లు లోపలికి పోతాయి. ఒక్క పేజీ అయితే చేయించుకోండి, మడవకుండా వాడండి. పెద్దదైతే నీళ్లకి చెక్కుచెదరని ప్లాస్టిక్ కాగితం మేలు.

జలాశయం_సీత:
లామినేషన్ చేయించేట్టయితే ఎర్ర గీత ముందే దిద్దుకోండి, తర్వాత మామూలు పెన్సిల్ పట్టదు. మట్టం తరచూ మారేచోటైతే లామినేషన్ మీద మైనం పెన్సిల్‌తో దిద్దండి, గుడ్డతో తుడిస్తే పోతుంది.

తెరచాప:
టైము రాసుకోవడం మరవకండి. గుర్తు దాటిన ప్రతిసారీ దాని పక్కన ఎన్ని గంటలకో రాయండి. మీ వేగం గంటకి 5 కిలోమీటర్లనుకుంటే, 1:25,000 మ్యాప్‌లో ఒక సెంటీమీటరు దాటడానికి 3 నిమిషాలు. ఎదురుగాలి లేచి అదే సెంటీమీటరుకి 6 నిమిషాలు పట్టడం మొదలైతే, తిరిగి రావడానికి ఎన్ని సెంటీమీటర్లు మిగిలాయో లెక్కపెట్టి అక్కడికక్కడే నిర్ణయం తీసుకోవచ్చు.

కొత్త_తెడ్డు:
లేజర్ ప్రింటు తీయించాను. స్కేలు పట్టీ కొలిస్తే 97 శాతానికి తగ్గి ఉంది. సెట్టింగు మార్చి మళ్లీ తీయించాను, ఇప్పుడు సరిపోయింది. నీటిమట్టం నిండుమట్టానికి 2 మీటర్లు తక్కువ. ఎర్ర గీత సగం సరస్సుదాకా దిద్దాను. నేను అనుకున్న దారిలో మధ్య దీవి తూర్పు ఒడ్డుకి కలిసిపోయినట్టుంది, పడమటి వైపు నుంచి చుట్టి వెళ్లాలి. అటు అడ్డులేని నీళ్లు ఎక్కువ కాబట్టి గాలి లేవకముందే, పొద్దున్నే దాటేస్తాను.

తెరచాప:
సరైన ఆలోచన. దీవి పడమటి కొస దాటాక తలదాచుకునే పాయ ఏదో ఒకటి మ్యాప్‌లో చుట్టి ఉంచండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంకో ప్రింటు మీద గీసి ఒడ్డున ఎవరికైనా ఇచ్చి వెళ్లండి.